విద్యలో మిగిలిన మూడు పాదములు

జూలై మాసమునను, జనవరి మాసమునను మన ఇంజనీరింగు కళాశాలలలో, డిగ్రీ కళాశాలలలో ఒక సందడి కానవచ్చుచుండును. అధ్యాపకుడు తరగతికి వచ్చి ఎన్‌పీటెల్ వారి ఫలానా ఆన్‌లైన్ కోర్సులో ఈ వారములోపల చేరవలెనని చెప్పును; విద్యార్థులు కూర్చున్నచోటనే మొబైల్ ఫోను తీసి పేర్లు నమోదు చేసికొందురు; తన పని అయినదని అధ్యాపకుడును, తమ పూచీ తీరినదని విద్యార్థులును ఊరట చెందుదురు. అటుపిమ్మట పన్నెండు వారములపాటు ఆ పాఠములను ఎవరు వినుచున్నారు, ఎవరు మానివేసిరి, విన్నవారికి ఏమి బోధపడినది అని విచారించువారు అరుదు. పరీక్ష ఇంక పది దినములున్నదనగా వీడియోలన్నియు రెట్టింపు వేగముతో నడచును. పరీక్ష ముగిసిన పిమ్మట చూతుమా, ధ్రువపత్రము చేతికి వచ్చినవారికిని రానివారికిని విషయజ్ఞానమున గల భేదము పెక్కు సందర్భములలో స్వల్పమే. ఇది పిల్లల సోమరితనమని కొట్టివేయుట సులభము. నా అభిప్రాయము అది కాదు. తెరమీది చదువునకు కావలసిన అలవాట్లను మన పిల్లలకు మనము నేర్పమైతిమి. నేర్పకయే ఆ చదువులోనికి వారిని పంపితిమి.

ఈ ఆన్‌లైన్ విద్య గొప్ప వరమనుటలో నాకు లేశమును సందేహము లేదు. ఐఐటీలును, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు కలిసి 2003లో ఆరంభించిన ఎన్‌పీటెల్ వలనను, 2017 జూలై 9న నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించిన స్వయం అను ఆన్‌లైన్ వేదిక వలనను, పూర్వము కొలదిమందికి మాత్రమే లభించిన ఆచార్యుల బోధ నేడు శ్రీకాకుళపు పల్లెలోనున్న బాలికకును, ఆదిలాబాదు అడవి అంచుననున్న బాలునకును రుసుము లేకుండ అందుచున్నది. పరీక్ష వ్రాసి ధ్రువపత్రము కోరువారు మాత్రమే రుసుము చెల్లింతురు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము (యూజీసీ) 2016లో ఒక సెమిస్టరులోని కోర్సులలో నూటికి 20 వంతులవరకు స్వయం ద్వారా చదువుటకు అనుమతించి, 2021లో ఆ పరిమితిని 40 వంతులకు పెంచినది. కావున ఆన్‌లైన్ తరగతి నేడు తీరికవేళల వేడుక కాదు. పట్టాలో చెప్పుకోదగిన భాగము. పట్టాలో ఇంత భాగమును ఆక్రమింపగల చదువును ఎట్లు చదువవలెనన్న ప్రశ్న ఇంటింటికి సంబంధించిన ప్రశ్నయే అగును.

అయితే చేరుట వేరు, కడముట్ట చదువుట వేరు. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునుండి సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ అను ఇరువురు కృత్రిమ మేధను గూర్చిన తమ పాఠములను ఆన్‌లైనులో అందరికిని ఉచితముగ తెరచినపుడు, ప్రపంచము నలుమూలల నుండి సుమారు 1,60,000 మంది చేరిరి. తుదివరకు నిలిచి పూర్తిచేసినవారు సుమారు 23,000 మంది. అనగా ఏడుగురిలో ఒక్కరు. వారెవరును బలవంతముమీద చేరినవారు కారు. బోధించినవారు ఆ శాస్త్రమున అగ్రగణ్యులు. పాఠమునకు వెల లేదు. వినుటకు దూరాభారము లేదు. ఇన్ని అనుకూలతలున్నను ఆరుగురు నడుమనే ఆగిపోయిరనగా, లోపము బోధలో లేదు, బుద్ధిలోను లేదు. ఆ రెంటి నడుమ ఉండవలసినది మరి యేదో లేకపోయినది.

ఆ లేనిదేమో మన పూర్వులకు తెలియును. మానవుడు ఆర్జించు విద్యలో ఒక పాదము గురువువలన, ఒక పాదము స్వబుద్ధివలన, ఒక పాదము సహాధ్యాయులవలన, ఒక పాదము కాలక్రమమున లభించునని మన సంప్రదాయమున ప్రసిద్ధమైన మాట యొకటి కలదు. గురువును దైవముగ కొలిచిన సమాజమే గురువు వాటా నాల్గవ వంతు మాత్రమేనని నిర్ణయించుట గమనింపదగినది. ఇటుకలతో కట్టిన కళాశాల తక్కిన మూడు పాదములను ఎవరును అడుగకుండగనే సమకూర్చుచుండెను. గంట మ్రోగుటతో కాలము ఏర్పడెను. బల్లమీద ప్రక్కన కూర్చున్నవాడు సహాధ్యాయి ఆయెను. ఉన్నట్టుండి అధ్యాపకుడు లేపి అడుగు ప్రశ్న స్వబుద్ధికి పని కల్పించెను. ఆన్‌లైన్ తరగతి మనకు అందించునది గురుపాదమును మాత్రమే. దానిని మాత్రము అత్యుత్తమముగ అందించును. మిగిలిన మూడు పాదములను విద్యార్థి స్వయముగ నిర్మించుకొనవలెను. ఇందు జయాపజయములను నిర్ణయించునది ఈ నిర్మాణమే అని నా దృఢవిశ్వాసము.

మొదట స్వబుద్ధిని గూర్చి. వీడియో చూచుట చదువగునన్న భ్రమ ఈ విద్యకు ప్రథమ శత్రువు. ఒడ్డున నిలిచి ఎంతకాలము చూచినను ఈత రాదన్నది ఎల్లవారికి తెలిసినదే కాని, తెరముందు కూర్చున్నపుడు ఆ సంగతి మరపునకు వచ్చును. ఏలయన నేర్పరియైన ఆచార్యుడు చెప్పుచున్నంతసేపు అంతయు అర్థమగుచునే యుండును. సంభావ్యతా శాస్త్రములో బేయస్ సిద్ధాంతము చెప్పు పాఠమును తీసికొందము. వేయిమందిలో ఒకరికి వచ్చు వ్యాధి యొకటి కలదు. రోగి అయినను ఆరోగ్యవంతుడైనను నూటికి 99 పర్యాయములు సరిగా చెప్పు పరీక్ష యొకటి కలదు. ఒకనికి ఆ పరీక్షలో వ్యాధి ఉన్నదని వచ్చినది. అతనికి నిజముగ వ్యాధి ఉండుటకు సంభావ్యత ఎంత? ఆచార్యుడు బోర్డుమీద లెక్క వేసి, నూటికి 9 మాత్రమే అని చూపినపుడు విద్యార్థి ఆశ్చర్యపడును, తల ఊపును, తరువాతి వీడియోకు పోవును. అట్లు పోక, తెర మూసి, తెల్లకాగితము ముందు పెట్టుకొని అదే లెక్కను మొదటినుండి వేయుమనుడు. ఆరోగ్యవంతులైన 999 మందిలో సుమారు పదిమందికి ఆ పరీక్ష పొరపాటుగ వ్యాధి అంటగట్టుననియు, నిజమైన రోగి ఒక్కడు ఆ పదిమంది నడుమ కలిసిపోవుననియు, అందువలననే విభాజకము పెద్దదగుననియు తోచక కలము ఆగిపోవును. ఆ ఆగిన చోటనే చదువు మొదలగుచున్నది. అక్కడ పెనగులాడి, తోచకున్న మరల వీడియోలో ఆ రెండు నిమిషములు మాత్రము చూచి, మరల తెర మూసి వ్రాసినవానికి ఆ సిద్ధాంతము చిరకాలము సొంతమగును.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రోడిగర్, కార్పికీ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగమును నాలుగు విడతలుగ చదివిరి. మరికొందరు ఒక విడత చదివి, తక్కిన మూడు విడతలు చూడకుండ జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసిరి. అయిదు నిమిషముల పిమ్మట పరీక్షింపగా మాటిమాటికి చదివినవారిదే పైచేయి; వారము పిమ్మట పరీక్షింపగా, చదివినవారికి అందులోని భావములలో నూటికి 40, జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసినవారికి 61 గుర్తున్నవి. అంతకంటె విచారింపదగినది మరియొకటి కలదు: మాకు బాగుగ గుర్తుండునని ముందుగా ధీమా పడినవారు, తుదకు తక్కువ గుర్తుంచుకొన్న ఆ మొదటి తెగవారే. వీడియోను రెండవమారు, మూడవమారు చూచి తృప్తిపడు మన పిల్లల స్థితి అచ్చముగ ఇదియే. వేదాధ్యయనమున పద, క్రమ, జటా, ఘన పాఠములని ఒకే మంత్రమును పలు విధముల తిప్పి తిప్పి చూడకుండ పలికించిన మన ప్రాచీనులు, జ్ఞాపకము దృఢపడు మార్గమును అనుభవమున కనుగొన్నవారు.

కావున నేను సూచించు మొదటి అలవాటు ఇది. అరగంట పాఠమునకు గంట కాలము కేటాయింపవలెను. నోటుపుస్తకపు పుటను నిలువుగ రెండు భాగములు చేసి, కుడివైపు పాఠసారమును సొంతమాటలలో వ్రాసి, ఎడమవైపు ఆ సారమునకు సరిపోవు ప్రశ్నలను వ్రాయవలెను. పాఠము ముగిసిన వెంటనే కుడివైపు చేతితో కప్పి, ఎడమవైపు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలెను. చెప్పలేకపోయిన ప్రశ్నకు గుర్తు పెట్టి, మరునాడు మొదట దానినే పట్టుకొనవలెను. వీడియో వేగమును పెంచుట తెలిసిన విషయమును తిరిగి చూచునపుడు క్షమింపదగును. క్రొత్త విషయమును వినునపుడు అది ఆత్మవంచనయే.

ఇచ్చట అసైన్‌మెంట్ల ప్రసక్తి రాక తప్పదు. ఎన్‌పీటెల్ కోర్సులో ప్రతివారము వచ్చు అసైన్‌మెంటునకు మొత్తముమీద 25 మార్కులు, పరీక్షాకేంద్రములో పర్యవేక్షకుల ఎదుట వ్రాయవలసిన తుది పరీక్షకు 75 మార్కులు. 25లో కనీసము 10, 75లో కనీసము 30 విడివిడిగా తెచ్చుకొన్నవారికే ధ్రువపత్రము. పన్నెండు వారముల కోర్సులో మేలైన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కకు తీసికొందురు గనుక, ఒకటి రెండు వారములు జ్వరము వచ్చినను, ఊరికి పోవలసివచ్చినను మునిగిపోవునది లేదు. ఇంత ఉదారమైన పద్ధతి యుండగా, టెలిగ్రామ్ గ్రూపులలో తిరుగు జవాబులను ఎక్కించువారును, ప్రశ్నను కృత్రిమ మేధకు అప్పగించి వచ్చిన అక్షరమును గుర్తించువారును, 25 మార్కులకు ఆశపడి 75 మార్కులను, వానితోపాటు విద్యనంతటిని పోగొట్టుకొనుచున్నారు. అసైన్‌మెంటు తప్పు చేయుటకు అనువైన చోటు. అక్కడ చేసిన తప్పు తుది పరీక్షలో మనలను కాపాడును. కృత్రిమ మేధను అడుగవద్దనను. నీవు ఒకసారి ప్రయత్నించి, నీ జవాబు కాగితముమీద పెట్టిన తరువాత, నా ఆలోచన ఎచ్చట తప్పినదని దానిని అడుగుము. అప్పుడది ఉపాధ్యాయుడగును, ముందే అడిగితివా, నీకు రావలసిన బుద్ధి నీకు రాకయే పోవును.

రెండవది కాలము. జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థములేని అక్షరసముదాయములను తానే వల్లెవేసి, తానే పరీక్షించుకొని, ఆ ఫలితములను 1885లో గ్రంథముగ ప్రకటించెను. నేర్చినదానిలో అధికభాగము మొదటి కొన్ని గంటలలోను, మొదటి దినమునను జారిపోవుననియు, పిమ్మట మరపు నెమ్మదించుననియు, ఒకేసారి పలుమారులు వల్లించుటకంటె దినముల ఎడముతో వల్లించుట స్వల్పశ్రమతో ఫలించుననియు ఆయన నిరూపించెను. పరీక్షకు ముందు పది దినములలో ముప్పది గంటల పాఠములను ముగింపజూచువాని ఓటమి ఈ నియమములోనే ఉన్నది. పన్నెండు వారముల కోర్సులో వారమునకు సుమారు రెండున్నర గంటల పాఠములుండును. అవి తరచు అరగంట చొప్పున అయిదు భాగములు. సోమవారము మొదలు శుక్రవారము వరకు దినమునకొక భాగము, శనివారము అసైన్‌మెంటు, ఆదివారము నోటుపుస్తకము ఎడమవైపు చూచి వెనుకటి వారముల ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనుట: ఇంతకంటె గొప్ప ప్రణాళిక అవసరము లేదు. అయితే ఆ గంట ఏ గంటయో నిశ్చయముగ ఉండవలెను. వీలున్నపుడు చదివెదనన్నవానికి వీలు ఎన్నడును కలుగదు. ఉదయము ఆరు గంటలన్న ఆరు గంటలే. ఆ గంటసేపు పాఠము వినుచున్న ఉపకరణములో వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మ్రోతలు మూగబోవలెను. రెండవ ఫోను ఉన్నచో మరొక గదిలో ఉండవలెను. దినపు డేటా త్వరగా అయిపోవువారు, కళాశాలలో వైఫై ఉన్నపుడే వారమునకు సరిపడు వీడియోలను దింపుకొనుట మేలు; నెట్ లేకున్నను పాఠము నడచును, దృష్టి మరలించునవియు ఉండవు.

కాలమును గూర్చి చెప్పునపుడు గృహమును గూర్చి చెప్పక తీరదు. సాయంకాలము ఏడుగంటలవేళ మన మధ్యతరగతి ఇంట ముందుగదిలో టీవీ సీరియల్ నడచుచుండును. వంటింట కుక్కరు ఈల వేయుచుండును. ఆ రెంటి నడుమ గోడకానుకొని కూర్చుండి, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, డిగ్రీ రెండవ సంవత్సరపు పిల్ల గణాంకశాస్త్ర పాఠము వినుచుండును. "వీడియోయే కదమ్మా, ఆపి మళ్లీ చూసుకోవచ్చు, ముందు పాలప్యాకెట్టు తీసుకురా" అని తల్లి పలుకును. కళాశాలకు పోయిన పిల్లను తరగతి నడుమ పాలకొరకు పిలిచిన తల్లి లోకములో ఉండదు. పాఠము ఇంటిలో ఉన్నందున, అది ఆగుటకు వీలున్నందున, ఎవరైనను దానిని ఆపవచ్చునన్న భావము మనలో పాతుకొనినది. అయిదుమారులు ఆగిన పాఠము అరగంట పాఠము కాదు, ఆరు ముక్కలు. ఇందు మగపిల్లవానికంటె ఆడపిల్లకు కలుగు నష్టము ఎక్కువ. ఏలయన ఇంటిపనికి మొదట పిలుపు వచ్చునది ఆమెకే. తల్లిదండ్రులకు నా విన్నపము ఒక్కటే: ఇంట వేరే గది లేకున్న లేకపోవుగాక, దినమునకు ఒక్క గంట ఆ పిల్లను ఇంటలేనట్లే భావింపుడు. ఆమె కళాశాలకు పోయినదనియే అనుకొనుడు.

మూడవది సాహచర్యము. దూరవిద్యలో మన తెలుగునాట గొప్ప పూర్వానుభవమే కలదు. 1982లో నెలకొన్న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, దేశములోనే మొదటిది. దానికి తొలి ఉపకులపతియైన ఆచార్య జి. రాంరెడ్డిగారే, పిమ్మట 1985లో ఢిల్లీలో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపకులపతియైరి. పాఠ్యపుస్తకములను ఇంటికి చేర్చుటతో చాలునని ఆ విద్యాసంస్థ తృప్తిపడలేదు. ఊరూర అధ్యయన కేంద్రములను నెలకొల్పి, సెలవుదినములలో విద్యార్థులను ఒకచోట చేర్చి, సందేహములు తీర్చు ఏర్పాటు చేసినది. పగలు ఉద్యోగము చేసికొను గుమస్తాకును, పెండ్లియై చదువు ఆగిన గృహిణికిని అక్కడ పుస్తకమునకు తోడు మనుష్యులు లభించిరి. దూరవిద్యకు సమీపమున మనుష్యులు కావలెనన్న ఈ సత్యమును నలుబది ఏండ్లనాడే గ్రహించిన మనము, ఇంటర్నెట్ రాగానే దానిని విడిచిపెట్టుట శోచనీయము.

విద్యార్థి ఇందుకు ఎవరి అనుమతికొరకును వేచియుండ నక్కరలేదు. ఒకే కోర్సులో చేరిన ముగ్గురు కలిసిన చాలును. వారమునకొక సాయంకాలము కలిసి, ఒక్కొక్కరు ఒక్కొక్క భాగమును పుస్తకము చూడకుండ తక్కినవారికి చెప్పవలెను; వినువారు అడ్డుప్రశ్నలు వేయవలెను. ఒకరికి చెప్పబూనినపుడే మనకు తెలియనిది మనకు తెలియును. ముగ్గురికిని తోచని సందేహమును కోర్సు చర్చావేదికలో వ్రాసి అడుగవలెను; అక్కడ సమాధానమిచ్చుటకు ఆచార్యుని శిష్యులు సిద్ధముగనే ఉందురు, ప్రశ్నించువారే కరవు. ఇట్టి చిన్న కూటమిలో ఉన్నవాడు ఒక వారము వెనుకబడినను, రెండవ వారము మిత్రుల ముఖము చూచియైనను లేచి కూర్చుండును. ఒంటరిగ చదువువానికి ఆ ఆలంబనము లేదు.

తెలుగు మాధ్యమమునుండి వచ్చిన పిల్లల కష్టము ప్రత్యేకమైనది. వారికి శాస్త్రము కఠినము కాదు. ఆంగ్లమున ధారాపాతముగ సాగు ఉపన్యాసము కఠినము. ఎన్‌పీటెల్ వారు కొన్ని కోర్సుల పాఠములను తెలుగులోనికి అనువదింపజేసి ఉంచిరన్న సంగతి ఎరుగని విద్యార్థులు ఎందరో కలరు. వీడియో చూచుటకు ముందే ఆ పాఠమును తెలుగున ఒకసారి చదివి, పారిభాషిక పదములను పదింటినో పన్నెండింటినో నోటుపుస్తకమున వ్రాసికొని, పిమ్మట ఆంగ్లోపన్యాసము విన్నచో భయము సగము తగ్గును. భావమును తెలుగులోనే ఆలోచించుటకు సంకోచింపరాదు. స్నేహితునికి తెలుగున చెప్పగలిగినది పరీక్షలో ఆంగ్లమున గుర్తించుట కష్టము కానేరదు.

ఇంతవరకు విద్యార్థుల కర్తవ్యమును చెప్పితిని. కాని, నోటుపుస్తకమును, ఒక గంటను, ఇద్దరు మిత్రులను సంపాదించుకొనుడని పదునెనిమిదేండ్ల పిల్లలకు చెప్పి, కళాశాలలు చేతులు దులుపుకొనుట న్యాయము కాదు. కోర్సులో ఎందరిని చేర్పించితిమి, ఎన్ని ధ్రువపత్రములు వచ్చెనన్న లెక్కలమీద గల శ్రద్ధ, ఆ నడుమ వారములమీద ఉండవలెను. ఆన్‌లైన్ కోర్సునకు క్రెడిట్లిచ్చు ప్రతి కళాశాలయు టైంటేబులులో దానికి వారమునకు ఒక్క పీరియడు కేటాయించి, ఒక గదిని, ఒక అధ్యాపకుని ఏర్పరుపవలెను. ఆ అధ్యాపకుడు పాఠము తిరిగి చెప్ప నక్కరలేదు. ఈ వారము ఏమి వింటిరి, ఎచ్చట ఆగిపోతిరి అని అడిగిన చాలును. ఆ పని చేయు అధ్యాపకునికి దానిని బోధనాభారములో లెక్కగట్టుటయు ధర్మము. ఖర్చు స్వల్పము, ఫలము అపారము. ఇది చేయక, బోధింప అధ్యాపకులు లేని లోటును ఆన్‌లైన్ కోర్సులతో పూడ్చి, వైఫల్యమును విద్యార్థి అలసత్వము క్రింద జమకట్టు సంస్థలు తమ విద్యార్థులకు అపకారము చేయుచున్నవని నిష్కర్షగా చెప్పవలసియున్నది.

మేధావులకు ఏ అలవాట్లును అక్కరలేదు, మందమతులకు ఏ అలవాట్లును పనికిరావు అని వాదించువారు కలరు. ఈ వాదమును నేను అంగీకరింపను. నాకు కనబడిన విద్యార్థులలో ఆన్‌లైన్ చదువును కడతేర్చినవారు అసాధారణ ప్రజ్ఞావంతులు కారు. నిర్ణీతకాలమున కూర్చుండువారు, చూచినదానిని చూడకుండ వ్రాయువారు, తెలియనిదానిని సిగ్గుపడక అడుగువారు. ఈ మూడును పుట్టుకతో వచ్చునవి కావు, కొనితెచ్చుకొనునవియు కావు, రెండు మూడు వారములు పట్టుదలతో సాగించిన ఎవరికైనను అలవడునవి. ఒకసారి అలవడినచో కోర్సుతో ముగియవు కూడను. రేపు ఉద్యోగమున చేరిన పిమ్మట క్రొత్త యంత్రమును, క్రొత్త శాస్త్రమును, క్రొత్త చట్టమును ఎవరును తరగతిలో కూర్చుండబెట్టి చెప్పరు, తానై నేర్చుకొనవలసినదే. ఆ శక్తిని ఇప్పుడు సంపాదించుకొన్నవారికి ధ్రువపత్రము చిన్న లాభము.

కావున రాబోవు సెమిస్టరులో కోర్సునకు పేరు నమోదు చేయుటకు పూర్వమే ప్రతి విద్యార్థియు మూడు సంగతులు నిశ్చయించుకొనుగాక: ఏ గంట, ఏ నోటుపుస్తకము, ఏ ఇద్దరు మిత్రులు. కళాశాల ఒక పీరియడును, ఇల్లు ఒక గంటను ఇచ్చి వారికి తోడ్పడుగాక. గురువులను దేశము ఉచితముగ మన ఇంటికే పంపినది. తక్కిన మూడు పాదములను కూర్చుకొను భారము విద్యార్థులది, తల్లిదండ్రులది, కళాశాలలది. ఈ భారమును పంచుకొనుటకు పూనుకొన్న నాడే ఆన్‌లైన్ విద్య మన పిల్లలకు నిజముగ విద్య అగును.